కోతుల పెంటలో ప్రొజెస్టెరాన్ కొలవాలంటే సీఎల్425: వాడి చూశాక రాస్తున్న రివ్యూ

ముందే చెప్పేస్తున్నా. జూలో ఉన్న కోతుల రుతుచక్రం తెలుసుకోవాలనుకునే ల్యాబ్ ఏదైనా సరే, మనుషుల రక్తపరీక్ష కోసం తయారైన ప్రొజెస్టెరాన్ (అండం విడుదలయ్యాక పెరిగే హార్మోన్) కిట్ కొనకండి. సీఎల్425 అనే యాంటీబాడీ, అంటే ఆ హార్మోన్‌ని పట్టుకునే ప్రొటీన్, తెప్పించుకుని పరీక్ష ప్లేట్లు మీరే వేసుకోండి. పని పెరుగుతుంది, నిజమే, మొదటి వారాల్లో చిరాకు కూడా వస్తుంది. కానీ చివరికి చేతికొచ్చే గ్రాఫు ఆ కోతి ఒంట్లో జరుగుతున్నదే చూపిస్తుంది.

నేను జూ శాంపిళ్లు చూసే ఒక చిన్న ల్యాబ్‌లో పనిచేస్తాను. మాకు వచ్చేవాటిలో ఎక్కువ సింహపు తోక కోతులవి, ఎల్టీఎం అంటాం. పశ్చిమ కనుమల్లో కర్ణాటక, కేరళ, తమిళనాడు అడవుల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా బతకని కోతి ఇది. అడవిలో మిగిలినవి నాలుగు వేల లోపే. అందుకే వండలూరు, మైసూరు లాంటి జూలలో వీటి సంరక్షణ కోసం ప్రత్యేకంగా సంతానోత్పత్తి కార్యక్రమాలు నడుపుతున్నారు. ఒక ఆడకోతి ఏళ్ల తరబడి పిల్లను కనకపోతే దానికి కారణాలు చాలా ఉండొచ్చు. అసలు అండం విడుదల కావడం లేదా? అవుతున్నా మగది పట్టించుకోవడం లేదా? కడుపు నిలిచి, ఎవరూ గమనించకముందే పోతోందా? బయటి నుంచి చూస్తే మూడూ ఒకేలా కనిపిస్తాయి. కానీ చేయాల్సిన పని మాత్రం మూడింటికీ వేరు. అది తెలియకుండా "జత కలవలేదులే" అని ఆ కోతిని లారీ ఎక్కించి ఇంకో జూకి పంపేస్తే, ప్రయాణం టెన్షన్‌తో, కొత్త గుంపులో చోటు దొరక్క ఉన్న చక్రం కూడా గతి తప్పొచ్చు. నాకు ఈ విషయం మీద పట్టుదల ఎక్కువ ఉండటానికి కారణం ఇదే, ఒక ఆడకోతికి పిల్లల్ని కనే ఏళ్లు మరీ ఎక్కువేం ఉండవు, అందులో రెండు మూడేళ్లు మన ఊహాగానాలకు పోతే ఆ జాతికి అది చిన్న నష్టం కాదు.

ఇక ప్రోడక్టు సంగతి. సీఎల్425 అనేది ప్రొజెస్టెరాన్‌ని పట్టుకునే మోనోక్లోనల్ (ఒకే రకం కణాల నుంచి తీసిన) యాంటీబాడీ. అమెరికాలో డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో కొరలీ మన్రో ల్యాబ్ నుంచి వచ్చింది, అక్కడి నుంచి ప్రపంచవ్యాప్తంగా జూ హార్మోన్ ల్యాబుల్లోకి చేరింది. ఏనుగులకు, పులులకు, ఖడ్గమృగాలకు, కోతులకు, ఇంకా చాలా జంతువులకు వాడతారు. దీని గొప్పతనం ఏమిటంటే, ఇది ప్రొజెస్టెరాన్ ఒక్కదాన్నే పట్టుకుని కూర్చోదు, దాని చుట్టాల్లో చాలావాటిని పట్టుకుంటుంది. రక్తపరీక్షకి ఇదే గుణం లోపం అవుతుంది, అక్కడ కచ్చితంగా ఒక్క హార్మోనే కావాలి. పెంట దగ్గరికొచ్చేసరికి లెక్క మారిపోతుంది. ఎందుకంటే అండం విడుదలయ్యాక అండాశయంలో ఏర్పడే కార్పస్ లూటియం ప్రొజెస్టెరాన్‌ని రక్తంలోకి వదులుతుంది, కాలేయం దాన్ని విరిచి రకరకాల రూపాల్లోకి మార్చి పైత్యరసంతో పేగులోకి పంపుతుంది, పేగులో బ్యాక్టీరియా ఇంకాస్త మారుస్తుంది. పెంట బయటికొచ్చేసరికి అసలు ప్రొజెస్టెరాన్ అందులో చాలా కొంచెమే, మిగతాదంతా దాని మార్పు రూపాలే. ఒక్క రకం చేప కోసం వేసిన వల ఇక్కడ పనికిరాదు.

మా దగ్గర అంతకుముందు ఆఫీసు టెండర్‌లో వచ్చిన మనుషుల సీరం కిట్ ఉండేది (కంపెనీ పేరు అనవసరం, వాళ్లు మనుషుల రక్తానికే అని పెట్టె మీద రాశారు, అమ్మిన ఏజెంటే "అన్నిటికీ పనిచేస్తుంది సార్" అన్నాడు). దాంతో చేస్తే నెలంతా గీత నేల మీద పాకినట్టు చదునుగా వచ్చింది. ఆ రిపోర్టు చూసిన ఎవరైనా ఈ కోతికి అండం విడుదల కావడం లేదనే రాసేస్తారు. అవే డ్రై చేసి దాచిన శాంపిళ్లు సీఎల్425తో మళ్లీ చేస్తే రెండు చక్కటి శిఖరాలు, వాటి మధ్య దాదాపు నెల రోజుల దూరం. ఒకే కోతి, ఒకే పెంట, రెండు రకాల జాతకాలు. తప్పు కిట్ పెట్టే ఖర్చు డబ్బులో లెక్కవేసుకుంటే సరిపోదు, మంచి ఆడకోతిని గొడ్రాలి కింద పక్కన పెట్టేసే ప్రమాదం ఉంది.

ఇదే సందర్భంలో ఇంకోటి. మెడికల్ షాపులో దొరికే ప్రెగ్నెన్సీ స్ట్రిప్పులు, ఓవ్యులేషన్ స్ట్రిప్పులు కోతి మూత్రంలో ముంచి చూద్దామని అడిగేవాళ్లు ప్రతి ఏడాదీ ఉంటారు. వద్దు. అవి మనిషి హార్మోన్ కోసం చేసినవి, కోతి హార్మోన్‌ని సరిగా గుర్తుపట్టకపోవచ్చు. పైగా మకాక్ జాతి కోతుల్లో (ఎల్టీఎం, రీసస్ రెండూ ఈ కోవవే) కోరియానిక్ గొనడోట్రోపిన్, అంటే స్ట్రిప్పులో గీత తెప్పించే ఆ హార్మోన్, గర్భం మొదట్లో కొన్ని వారాలే ఉండి తగ్గిపోతుంది. గీత రాలేదని కడుపుతో లేదనుకుంటే మోసపోతారు.

వాడకం ఎలా ఉంటుందో కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే ఈ యాంటీబాడీ బాగుందా లేదా అన్నది సగం దాని మీద, సగం మీరు తెచ్చే పెంట మీద ఆధారపడుతుంది. గుంపులో ఏ పెంట ఎవరిదో ఎలా తెలుస్తుంది? మా కీపరన్న అరటిపండు ముక్కలో తినే రంగు పెట్టి, ఒక్కో ఆడదానికి ఒక్కో రంగు, చేతికి అందిస్తాడు. వినడానికి సులభంగానే ఉంది, కానీ పెద్ద ఆడకోతి చిన్నదాని చేతిలోంచి లాక్కుంటే ఆ రోజు లెక్క తప్పుతుంది. అందుకే ఆయన పండు ఇచ్చి వెళ్లిపోడు, నోట్లో పెట్టుకుని మింగేదాకా అక్కడే నిలబడతాడు. మర్నాడు పొద్దున్నే గది కడగకముందు, నీలం కనిపిస్తే నీలం డబ్బాలో, ఎరుపు కనిపిస్తే ఎరుపు డబ్బాలో. మూత్రంలో తడిసిందైతే తీయడు. తీసిన వెంటనే ఐసు పెట్టెలోకి, అక్కడి నుంచి మైనస్ 20 ఫ్రీజర్‌లోకి. మధ్యాహ్నం దాకా ఎండలో వదిలేస్తే బ్యాక్టీరియా ఊరుకోదు, హార్మోన్ అంకెలు మారిపోతాయి. మన వేసవిలో అయితే మరీను. "అన్నా, ఒక గంట ఆలస్యమైతే రాసి పెట్టు, దాచకు" అని నేను అడిగినది ఒక్కటే, ఆయన అది తు.చ. తప్పకుండా చేస్తాడు. ఈ మనిషి లేకపోతే సీఎల్425 కాదు కదా ఏ యాంటీబాడీ తెచ్చినా దండగే.

తర్వాత ల్యాబ్‌లో ఆరబెట్టి, పొడిచేసి, గింజలూ పీచూ జల్లెడ పట్టి తీసేసి, 0.2 గ్రాముల పొడి తూచి 80 శాతం మెథనాల్ పోసి బాగా కుదిపి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే పైన తేరిన ద్రవంలో హార్మోన్లు ఉంటాయి. మెథనాల్ పని ఫ్యూమ్ హుడ్ లోపలే చేయండి. వాసన పెద్దగా ఉండదని బల్ల మీదే కానిచ్చేసే ల్యాబులు చూశాను, అది కళ్లకూ నరాలకూ మంచిది కాదు.

ప్లేటు సంగతి. 96 గుంటల ప్లేటుకి ముందు రోజు సాయంత్రం యాంటీబాడీ పూత వేసి ఫ్రిజ్‌లో పెట్టాలి. అచ్చయిన పద్ధతుల్లో దీన్ని సుమారు 1:10,000 వరకూ పల్చన చేసి వాడతారు, అంటే చిన్న సీసా చాలా కాలం వస్తుంది. రెడీమేడ్ ప్లేట్లతో పోలిస్తే ఖర్చు ఎక్కడ ఆదా అవుతుందంటే ఇక్కడే. స్టాండర్డులకీ (తెలిసిన మోతాదు హార్మోన్ ఉన్నవి) కంట్రోళ్లకీ ఖాళీలకీ పోను, ప్రతిదీ రెండేసి గుంటల్లో వేస్తే మా పద్ధతిలో ఒక ప్లేటుకి 36 శాంపిళ్లు పడతాయి. వారానికి మూడు శాంపిళ్ల చొప్పున ఒక ఆడకోతివి పన్నెండు వారాల శాంపిళ్లు అందులో సరిపోతాయి. అంటే దాదాపు మూడు చక్రాలు ఒకే ప్లేటు మీద, ఒకే రోజు, ఒకే చేతితో. ప్లేటుకీ ప్లేటుకీ వచ్చే తేడా గొడవ ఉండదు కాబట్టి నేను ఎప్పుడూ ఇలాగే పెడతాను.

ఆఖర్లో రంగు ద్రవం పోసినప్పుడు చూడాలి. ఇది పోటీ పద్ధతి, శాంపిల్‌లోని హార్మోనూ, మనం కలిపే ఎంజైమ్ తగిలించిన హార్మోనూ యాంటీబాడీ కోసం పోటీ పడతాయి, అంటే శాంపిల్‌లో హార్మోన్ ఎంత ఎక్కువుంటే రంగు అంత తక్కువ వస్తుంది. మూలన మొదటి గుంటలు గబగబా నీలం తిరుగుతాయి, వరసగా వెళ్తుంటే మధ్యలో ఒక చోట పాలిపోతుంది, ఆరేడు గుంటలు అలా లేతగానే ఉండిపోయి మళ్లీ నీలం చిక్కబడుతుంది. రీడర్‌లో పెట్టకముందే, ఆసిడ్ పోసి పసుపు చేయకముందే, అండం విడుదలైంది, కార్పస్ లూటియం పనిచేసింది, కడుపు నిలవక తగ్గిపోయింది, అన్నీ కంటికి కనిపిస్తాయి. ఎన్నిసార్లు చూసినా నాకు విసుగు రాదు. 450 నానోమీటర్ల దగ్గర యంత్రం ఇచ్చే అంకెలు తర్వాత దాన్నే ఖాయం చేస్తాయి.

బాగా పనికొచ్చిన ఒక సందర్భం చెప్పాలి. ఒక ఆడకోతి గదిలో నేల మీద రక్తపు చుక్కలు కనిపించాయని రిజిస్టర్‌లో రాశారు, జత కలిసి మూడు వారాలు కాకముందే. అందరూ నెలసరి వచ్చిందనుకున్నారు, ఈసారి కూడా పోయిందని డాక్టరుగారు మగకోతిని మార్చే ఆలోచనలో పడ్డారు. మేం ఆ వారం శాంపిళ్లు వేసి చూస్తే ప్రొజెస్టెరాన్ మార్పు రూపాలు పడిపోలేదు, అలాగే పైన నిలబడి ఉన్నాయి. నెలసరి అయితే పడిపోవాలి, అది పడితేనే గర్భాశయం పొర ఊడుతుంది. మకాక్‌లలో పిండం గర్భాశయానికి అతుక్కునే రోజుల్లో కొంచెం రక్తం కనిపించడం మామూలే, కార్ల్ హార్ట్‌మన్ అనే శాస్త్రవేత్త రీసస్ కోతుల మీద పనిచేస్తూ దాదాపు వందేళ్ల కిందటే దీన్ని గమనించి రాసిపెట్టాడు. చూడటానికి నెలసరిలాగే ఉంటుంది. మగకోతిని మార్చకుండా ఆగారు, కొత్తది వస్తే ఆ గొడవలో ఏమయ్యేదో చెప్పలేం. సుమారు ఐదున్నర నెలల గర్భం మోసి ఆ తల్లి పిల్లను కన్నది. ఆ పిల్ల తల్లి పొట్టకి కరుచుకుని ఉన్న ఫోటో మా ఫ్రిజ్ తలుపు మీద ఉంది.

ఇక లోపాలు. ఉన్నాయి, దాచాల్సిన పనిలేదు.

మొదటిది, గర్భం సంగతి ఇది ఒక్కటే తేల్చలేదు. మనుషుల్లో కడుపుతో ఉన్నప్పుడు ప్రొజెస్టెరాన్ అంతకంతకూ పెరుగుతుంది. రీసస్ లాంటి మకాక్‌ల రక్తంలో అలా పెరగదు, మామూలు చక్రం రెండో సగంలో ఉండే స్థాయి దరిదాపుల్లోనే ఉంటుంది. కాబట్టి ఒక్క శాంపిల్ తెచ్చి "ఇది కడుపుతో ఉందా చెప్పండి" అంటే సీఎల్425 చెప్పలేదు. వరసగా శాంపిళ్లు కావాలి, పడిపోవాల్సిన రోజున పడిపోలేదని చూడాలి, తోడుగా ఈస్ట్రోజెన్ రూపాలు కూడా కొలవాలి, నెలలు గడిచేకొద్దీ పెరిగేవి అవే. ఈస్ట్రోజెన్‌కి వేరే యాంటీబాడీ, వేరే ప్లేటు, వేరే ఖర్చు.

రెండోది, పెంటలో కనిపించేది ఇవాళ్టి సంగతి కాదు, ఒకటి రెండు రోజుల కిందటిది. చక్రం నడుస్తోందా లేదా తేల్చడానికి ఇది పెద్ద అడ్డంకి కాదు. ఇవాళ జత కలపాలా, రేపా అని నిర్ణయించడానికి మాత్రం దీన్ని నమ్ముకోకండి. అలాంటప్పుడు రోజూ మూత్రం పట్టగలిగితే మేలు, మార్మొసెట్ లాంటి చిన్న కోతులకు శిక్షణ ఇచ్చి పొద్దున్నే గిన్నెలో పోయించేవాళ్లు ఉన్నారు. ఎల్టీఎం గుంపులో ఆ ఓపిక ఎవరికి ఉంటుంది చెప్పండి.

మూడోది, మీ జాతికి, మీ పెంటకి ఇది పనిచేస్తుందని మీరే నిరూపించుకోవాలి. శాంపిల్ ద్రవాన్ని సగం, పావు, అలా పల్చన చేసుకుంటూ పోతే వచ్చే గీత స్టాండర్డు గీతకి సమాంతరంగా ఉండాలి. తెలిసిన మోతాదు కలిపి తిరిగి ఎంత వచ్చిందో చూడాలి. అన్నిటికన్నా ముఖ్యం, పిల్లను కన్న ఆడదాని పాత శాంపిళ్లు వేసి, అంకెలు నిజంగా ఆ గర్భాన్ని చూపిస్తున్నాయో లేదో సరిచూడాలి. కొందరు ఈ మెట్టు ఎగ్గొట్టి నేరుగా రిపోర్టులు ఇచ్చేస్తున్నారు. ఆ రిపోర్టుల ఆధారంగానే జంతువుల్ని ఒక చోటి నుంచి ఇంకో చోటికి పంపుతారన్నది గుర్తుంటే ఎవరూ అలా చేయరు.

నాలుగోది, తెప్పించుకోవడం. చల్లగా రావాలి. మాకు సరఫరా చేసిన ఒక మధ్యవర్తి పంపిన పెట్టె మే నెలలో వచ్చింది, తెరిస్తే ఐసు ప్యాకులు గోరువెచ్చగా ఉన్నాయి, లోపల ఉష్ణోగ్రత చూపే స్టిక్కరే లేదు. గొడవపడితే "ఇంతకుముందు ఎవరూ కంప్లైంట్ ఇవ్వలేదు" అన్నారు. మార్చి పంపడానికి నెలలు పట్టింది, ఆ నెలల్లో ఫ్రీజర్ నిండా శాంపిళ్లు ఎదురుచూస్తూ ఉన్నాయి. ఆర్డర్ పెట్టేటప్పుడే ఉష్ణోగ్రత రికార్డు లేకుండా వస్తే పెట్టె తీసుకునేది లేదని కాగితం మీద రాయించుకోండి, వీలైతే చలికాలంలో తెప్పించుకుని చిన్న చిన్న భాగాలుగా చేసి ఫ్రీజర్‌లో దాచండి. పదేపదే కరిగించి గడ్డకట్టిస్తే పాడవుతుంది.

రీసస్ కోతులతో వాడేవాళ్లకి ఒక మాట. వేసవిలో గీత చదునుగా వచ్చిందని యాంటీబాడీని తిట్టకండి. రీసస్‌ది సగటున 28 రోజుల చక్రం, మన ఆడవాళ్లలాగే, కానీ అది ఏడాది పొడవునా నడవదు. చాలా ఆడకోతులకు వేసవిలో అండం విడుదల ఆగిపోతుంది, వర్షాలు వెనకబట్టాక మళ్లీ మొదలవుతుంది. అందుకే పిల్లలన్నీ ఇంచుమించు ఒకే కాలంలో పుడతాయి. ఎల్టీఎం అలా కాదు, జూలో ఏ నెలలోనైనా కనొచ్చు. జాతి తెలియకుండా గ్రాఫు చదవకూడదు.

గర్భనిరోధక ఇంప్లాంట్లు పెట్టిన కోతులకు కూడా ఇది చాలా ఉపయోగం. డెస్లోరెలిన్ (జీఎన్‌ఆర్‌హెచ్ అనే మెదడు హార్మోన్‌ని పోలిన మందు) ఆపకుండా వదిలే ఇంప్లాంటు పెడితే మొదటి రెండు మూడు వారాలు అండాశయం ఉల్టా చురుగ్గా అవుతుంది, తర్వాత అణిగిపోతుంది. దీని వెనక ఉన్న సంగతి తెలిసింది కూడా కోతుల నుంచే. 1978లో ఎర్న్‌స్ట్ నోబిల్ అనే శాస్త్రవేత్త బృందం రీసస్ ఆడకోతులకు జీఎన్‌ఆర్‌హెచ్‌ని గంటకోసారి చొప్పున ఇస్తే అండాశయాన్ని నడిపించే పిట్యూటరీ హార్మోన్లు విడుదలయ్యాయనీ, ఆపకుండా ధారగా ఇస్తే అణిగిపోయాయనీ చూపించింది. విజయవాడలోనో హైదరాబాద్‌లోనో ఐవీఎఫ్‌కి వెళ్లిన ఆడవాళ్లలో కొందరికి మొదట్లో రోజూ ఇచ్చే అణిచే ఇంజెక్షన్ల వెనక ఉన్న సూత్రం అదే. ఆ ఇంజెక్షన్ వేయించుకునే అమ్మాయిలకి ఈ కోతుల సంగతి ఎవరూ చెప్పరు, చెప్పాలని నాకనిపిస్తుంది. జూలో మాకు కావాల్సింది మాత్రం ఇంప్లాంటు ఎప్పుడు అణిచింది, ఎప్పుడు దాని ప్రభావం పోయి చక్రం తిరిగొచ్చింది అన్నది. ఒక్కో జంతువుకి ఒక్కో తీరు, క్యాలెండర్ చూసి చెప్పలేం, పెంట చూసి చెప్పొచ్చు. నిర్మల్ జిల్లా చించోలి కేంద్రంలో ఊరి కోతులకు చేసే ఆపరేషన్ల గురించి కూడా నన్ను అడుగుతుంటారు, వాటి చక్రం ఆగుతుందా అని. ట్యూబులు మూసే ఆపరేషన్‌లో అండాశయాలు అలాగే ఉంటాయి కాబట్టి హార్మోన్లు నడుస్తూనే ఉంటాయి, గుంపులో దాని తీరు పెద్దగా మారదు, పిల్లలు పుట్టరంతే.

మరి ఇంత తతంగం వద్దు, శాంపిళ్లు పంపించేస్తాం అనుకుంటే? అమెరికాలో సెయింట్ లూయిస్ జూ ల్యాబ్, విస్కాన్సిన్ ప్రైమేట్ సెంటర్ లాంటివి ఇతరుల శాంపిళ్లు కొలిచిపెడతాయి, కానీ దేశం దాటించే కాగితాల పనికే ఓపిక పోతుంది. మనకి హైదరాబాద్ అత్తాపూర్‌లో సీసీఎంబీ వాళ్ల లాకోన్స్ (అంతరించే ప్రమాదంలో ఉన్న జాతుల మీద పనిచేసే ల్యాబ్) ఉంది, వన్యప్రాణుల పెంట నుంచి హార్మోన్లు కొలిచే పని ఏళ్లుగా చేస్తున్న చోటు. ఒకటి రెండు జంతువులే ఉన్న జూ అయితే సొంతంగా ప్లేట్లు వేయడం మొదలుపెట్టకుండా ముందు అలాంటి చోట మాట్లాడుకోవడమే తెలివైన పని.

గుంపులు గుంపులుగా ఆడకోతులు ఉండి, ఏళ్ల తరబడి చూడాల్సిన జూకైతే సీఎల్425ని కళ్లు మూసుకుని సిఫారసు చేస్తాను. ఐదుకి నాలుగున్నర. ఆ అర మార్కు ఎందుకు తగ్గించానంటే గర్భం విషయంలో ఒంటరిగా నిలబడలేదని, యాంటీబాడీ తప్పేం లేదు, మకాక్ శరీరమే అంత. ఆర్డర్ పెట్టేవాళ్లు దానితోపాటే దాని జత ఎంజైమ్ కాంజుగేట్ (ఆ ఎంజైమ్ తగిలించిన హార్మోన్), స్టాండర్డు కూడా ఒకే చోట తీసుకోండి, వేర్వేరు చోట్ల కొని అతికిస్తే గీత కుదరక నానా తిప్పలు పడతారు. ఇంకా మిగిలిన డబ్బు ఉంటే రెండో ఫ్రీజర్ కొనండి, కరెంటు పోతే ఆదుకునేలా ఇన్వర్టర్‌తో సహా.